చిన్న ఆసుపత్రి మురుగునీటిని తక్కువ ఖర్చుతో శుద్ధి చేయడం ఎలా?

"మాది 30 పడకల ఆసుపత్రి. ఊళ్లో భూగర్భ డ్రైనేజీ లేదు. ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) పెట్టాలంటున్నారు. మెషిన్ల రేట్లు, నెలనెలా కరెంటు బిల్లు చూస్తే టెన్షన్‌గా ఉంది. ఇంకో దారి ఉందా?"

మండల కేంద్రాల్లో నర్సింగ్‌హోమ్ నడిపే డాక్టర్లు, మిషన్ ఆసుపత్రుల మేనేజర్లు నన్ను పదేపదే అడిగేది ఇదే. దారి ఉంది. సెప్టిక్ ట్యాంకు, దాని వెనక గదులు గదులుగా కట్టిన గాలి తగలని ట్యాంకు, ఆ తర్వాత కంకరలో మొక్కలు పెంచే మడి, చివర క్లోరిన్ తొట్టి. నేల వాలు కలిసొస్తే ఒక్క మోటారు కూడా అక్కర్లేదు. కరెంటు పోయినా పని ఆగదు. మన ఎండలు కూడా ఇక్కడ మేలే చేస్తాయి. మురుగును తినే బ్యాక్టీరియా 25 నుంచి 35 డిగ్రీల వేడిలో చురుగ్గా ఉంటుంది. చలి దేశాల వాళ్లకు ఈ సౌకర్యం లేదు.

ఇది కొత్త ప్రయోగమేమీ కాదు. నేపాల్‌లోని ధులిఖేల్ ఆసుపత్రిలో 1997లోనే రోజుకు 10 వేల లీటర్ల కోసం ఇలాంటి కంకర మడులు కట్టారు. పుదుచ్చేరిలోని అరవింద్ కంటి ఆసుపత్రి అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ నీటిని ఇదే తరహా పద్ధతిలో శుద్ధి చేసి తోటకు వాడుతోంది. మొక్కల విషయానికొస్తే, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కూడా మెట్టతామర, జమ్ము వంటివాటితో మురుగునీటి మడులు నడిపింది.

ముందు మీకు ఇది సరిపోతుందో లేదో చూసుకోండి

మీ వీధిలో మున్సిపల్ డ్రైనేజీ ఉండి, దాని చివర పనిచేసే ఎస్‌టీపీ కూడా ఉంటే ఇదంతా కట్టనక్కర్లేదు. రెండో అడుగులో చెప్పినట్టు ల్యాబ్, ఆపరేషన్ థియేటర్ నీళ్లను శుద్ధి చేసి అందులో కలపొచ్చు. కీమోథెరపీ పెద్ద ఎత్తున చేసే ఆసుపత్రులు, వంద పడకలు దాటినవి, ఖాళీ స్థలం బొత్తిగా లేనివి ఇంజనీరుతో వేరే డిజైన్ చేయించుకోవాలి. మిగతావాళ్లు, ముఖ్యంగా 10 నుంచి 50 పడకల వాళ్లు, కిందిది చదవండి. లెక్కలన్నీ 30 పడకలకు ఇస్తున్నాను. పని మొదలుపెట్టే ముందు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవడం మర్చిపోవద్దు.

కావలసినవి

- స్థలం: సుమారు 160 చదరపు మీటర్లు. అంటే నాలుగు సెంట్లు, లేదా 190 గజాలు. బోరుకు, బావికి కనీసం 20 మీటర్ల దూరంలో ఉండాలి.
- మొదటి ట్యాంకు నుంచి చివరి తొట్టి దాకా మీటరున్నర వాలు. లేకపోతే ఒక చిన్న పంపు పెట్టక తప్పదు.
- ట్యాంకులకు ఆర్‌సీసీ, లేదా లోపల వాటర్‌ప్రూఫ్ ప్లాస్టరింగ్ చేసిన ఇటుక కట్టుబడి.
- మడి అడుగున పరచడానికి పంట కుంటలకు వేసే ప్లాస్టిక్ షీటు, కనీసం 500 మైక్రాన్ల మందం.
- కడిగిన 10–12 ఎం.ఎం. కంకర దాదాపు 20 యూనిట్లు, రెండు చివర్లకు చేతికి నిండుగా వచ్చే పెద్ద రాళ్లు కొంచెం.
- 110, 160 ఎం.ఎం. పీవీసీ పైపులు, టీలు, ఎల్బోలు.
- మెట్టతామర దుంపలు 380 దాకా. దొరక్కపోతే కిక్కస, జమ్ము, వట్టివేరు.
- బ్లీచింగ్ పౌడర్, క్లోరోస్కోప్ (నీటిలో క్లోరిన్ ఎంతుందో చూసే కిట్), పీహెచ్ పేపర్లు, మూత ఉన్న పారదర్శక సీసాలు మూడు.

1. నీళ్లు లెక్కపెట్టండి

జాతీయ భవన నిర్మాణ నియమావళి వంద పడకల లోపు ఆసుపత్రికి పడకకు రోజుకు 340 లీటర్ల నీరు లెక్క వేస్తుంది. 30 పడకలకు 10,200 లీటర్లు. అందులో 80 శాతం మురుగుగా వస్తుందనుకుంటే 8,160. అయితే మన దగ్గర ఒక్కో పేషెంటుకు ఇద్దరు ముగ్గురు తోడుంటారు, వాళ్ల స్నానాలు, బట్టలు ఇక్కడే. ఓపీ వేరే. అందుకే 10,000 లీటర్లకు కట్టండి.

ఈ లెక్కను మాత్రమే నమ్ముకోకుండా మీ ఓవర్‌హెడ్ ట్యాంకు రోజుకు ఎన్నిసార్లు నిండుతోందో వారం పాటు రాయించండి. ధులిఖేల్‌లో ఆసుపత్రి పెరిగేకొద్దీ నీళ్లు అనుకున్నదానికి రెట్టింపుకు మించి వచ్చాయి. మడి పక్కన ఇంకో మడికి చోటు ఇప్పుడే వదిలిపెట్టుకోండి.

2. ఏ నీళ్లు ఎటు పోవాలో విడదీయండి

ఇలాంటి ప్లాంట్లు పాడవడానికి అసలు కారణం చాలాసార్లు సింకు దగ్గరే ఉంటుంది. బ్యాక్టీరియాతో పని చేయించుకుంటూ, అదే పైపులో బకెట్లకొద్దీ బ్లీచింగ్, బాత్రూమ్ యాసిడ్, ఫినాయిల్ పోస్తే ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. దయచేసి ఈ అడుగును తొందరపడి దాటేయకండి.

వార్డుల బాత్రూములు, టాయిలెట్లు, క్యాంటీన్, సాధారణ లాండ్రీ నీళ్లు నేరుగా ప్లాంటుకు రావచ్చు.

ల్యాబ్ ఎనలైజర్ల నీళ్లు, సక్షన్ బాటిల్‌లోని రక్తం, ఇతర శరీర ద్రవాలను ముందు హైపోక్లోరైట్‌తో (క్లోరిన్ ద్రావణం) శుద్ధి చేయాలి. జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం 1 నుంచి 2 శాతం గాఢతలో 20 నిమిషాలు ఉంచాలి. లీటరు వ్యర్థానికి 5 శాతం హైపోక్లోరైట్ పావు లీటరు కలిపితే 1 శాతం వస్తుంది. రక్తం ఎక్కువగా ఉంటే ముప్పావు లీటరు దాకా కలపండి, ఎందుకంటే రక్తం క్లోరిన్‌ను తినేస్తుంది. ఇలా శుద్ధి చేసిన నీటిని 100–200 లీటర్ల మూత ఉన్న డ్రమ్ములో ఒక రోజు నిల్వ ఉంచి, మర్నాడు సన్నని ధారగా ప్లాంటులోకి వదలండి. రోజుకు ఇలాంటి నీళ్లు 10 లీటర్లే అయినా, అందులోని క్లోరిన్ ఏమీ ఖర్చు కాకుండా ఉంటే మొత్తం 10,000 లీటర్ల మురుగుకు లీటరుకు 10 మిల్లీగ్రాముల మోతాదు అవుతుంది. ఒక రోజు నిల్వ ఉంచమనేది అందుకే.

హెచ్చరిక: హైపోక్లోరైట్‌లో యాసిడ్ గానీ, ఫార్మలిన్ గానీ ఎప్పుడూ కలపకూడదు. యాసిడ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది. కొత్త ఆయాకు, ల్యాబ్ బాయ్‌కి ఈ ఒక్క మాట మొదటి రోజే చెప్పండి.

సింకులో అసలు పోయకూడనివి కొన్ని ఉన్నాయి. ఎక్స్‌రే ఫిక్సర్‌లో వెండి ఉంటుంది, అది అధీకృత రీసైక్లర్‌కు పోవాలి. కీమోథెరపీ మందుల మిగులు కంపెనీకి తిరిగి పంపాలి, లేదా 1200 డిగ్రీలు దాటిన ఇన్సినరేటర్‌లో కాల్చడానికి ఇవ్వాలి. ఫార్మలిన్, జైలీన్, ఎండోస్కోపీకి వాడిన గ్లూటరాల్డిహైడ్‌ను విడి క్యాన్లలో పట్టి రసాయన వ్యర్థంగా అప్పగించండి. గడువు తీరిన యాంటీబయాటిక్ వయల్స్ కూడా అంతే. కంకర మడి యాంటీబయాటిక్‌లను పూర్తిగా తీసేయలేదు. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల నీటిని శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. అది ఆసుపత్రుల నీరు కాదు, ఫ్యాక్టరీలది. కానీ మందులకు లొంగని క్రిములు ఎలా పుడతాయో తెలిసిన డాక్టర్లకు ఈ విషయంలో నేను ఎక్కువ చెప్పనక్కర్లేదు.

డయాలసిస్ యూనిట్ ఉంటే ఆర్‌వో నుంచి బయటికి తోసేసే నీటిని ప్లాంటులోకి రానివ్వకండి. అది మురుగు కాదు, ఉప్పు ఎక్కువైన నీరు అంతే. టాయిలెట్ ఫ్లష్‌కు వాడుకోండి. డాబా మీది వాన నీటిని కూడా కలపకండి. 96 చదరపు మీటర్ల మడి మీద ఒక్క రోజులో 100 ఎం.ఎం. వాన పడితేనే 9,600 లీటర్లు అవుతుంది. దానికి డాబా నీళ్లు తోడైతే ట్యాంకులోని బురదంతా కొట్టుకొచ్చి కంకరలో కూరుకుపోతుంది.

నేల తుడవడానికి, టాయిలెట్లు కడగడానికి సబ్బు నీళ్లు, బ్రష్షు చాలు. రక్తం చిందిన చోట మాత్రమే హైపోక్లోరైట్ వాడాలి. ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుతో కూర్చుని ఎక్కడ ఏది, ఎంత అనేది రాసి గోడకు అంటించండి.

3. జాలీ, జిడ్డు తొట్టి

ప్లాంటులోకి వచ్చే పైపు ముందు 15–20 ఎం.ఎం. సందుల ఇనుప జాలీ పెట్టండి. శానిటరీ ప్యాడ్లు, దూది, గ్లోవ్స్ అక్కడే ఆగుతాయి. రోజూ పొడవాటి పట్టుకారతో తీసి ప్యాడ్లు, దూదిని పసుపు సంచిలో, గ్లోవ్స్‌ను ఎర్ర సంచిలో వేయాలి. క్యాంటీన్ పైపుకు విడిగా జిడ్డు తొట్టి ఉండాలి, వారానికోసారి పైన తేలిన తెట్టు తీయాలి.

4. సెప్టిక్ ట్యాంకు

లోపలి కొలత 5 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, నీటి లోతు 2 మీటర్లు. 20 వేల లీటర్లు పడుతుంది. అడ్డుగోడతో రెండు గదులు చేయండి, మొదటిది మూడింట రెండు వంతులు. లోపలికి వచ్చే చోట, బయటికి పోయే చోట టీ పైపులు తప్పనిసరి. గాలి పైపు చివర దోమలు దూరని జాలీ కట్టండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమకు సెప్టిక్ ట్యాంకు పుట్టిల్లు.

5. గదుల ట్యాంకు

ఇంజనీర్లు దీన్ని ఏబీఆర్ అంటారు. సెప్టిక్ ట్యాంకును ఆనుకొని వరుసగా ఐదు గదులు, ఒక్కోటి మీటరు పొడవు, మీటరున్నర వెడల్పు, 2 మీటర్ల లోతు. నీళ్లు ప్రతి గదిలోకి పైపు ద్వారా అడుగుకు దిగి, అక్కడి బురద గుండా పైకి లేచి పక్క గదిలోకి పోవాలి. దిగే పైపుల చివర నేలకు 15–20 సెం.మీ. ఎత్తులో ఉండాలి. గంటకు వెయ్యి లీటర్లు వచ్చినా ఈ కొలతలకు నీరు గంటకు 70 సెం.మీ. లోపే పైకి లేస్తుంది. మీటరు దాటనివ్వకూడదు, దాటితే బురద కొట్టుకుపోతుంది.

మేస్త్రీలు ఇక్కడ చేసే పొరపాటు ఒకటుంది. అడ్డుగోడకు పైన రంధ్రం పెట్టి "నీళ్లు పోతాయి కదండీ" అంటారు. పోతాయి, కానీ శుద్ధి కాకుండా. శ్లాబ్ వేయకముందే ప్రతి గదిలో పైపు దిగిందో లేదో మీరే చూడండి. ఒక్కో గదికి మనిషి చేయి, గొట్టం దూరేంత మూత ఉంచండి.

శ్లాబ్ ముందే ట్యాంకులన్నీ మంచినీళ్లతో నింపి 24 గంటలు వదలండి. గోడకు గీత పెట్టండి. మట్టం దిగితే లీకేజీ ఉన్నట్టే. గోదావరి, కృష్ణా డెల్టాల్లా నీరు పైకి ఉండే ఊళ్లలో ఖాళీ ట్యాంకు వర్షాకాలంలో పైకి లేచే ప్రమాదం ఉంది, అక్కడ అడుగు శ్లాబ్ మందం ఇంజనీరుతోనే నిర్ణయించండి.

6. కంకర మడి

వెడల్పు 8 మీటర్లు, పొడవు 12 మీటర్లు, కంకర లోతు 60 సెం.మీ. అడుగు నూటికి ఒకటి చొప్పున వాలుగా ఉండాలి, పైభాగం మాత్రం సమతలంగా. సన్నగా, పొడుగ్గా కాలువలా కట్టకండి. ముందు భాగంలోనే నీళ్లు పైకి ఉబికి దోమలు చేరతాయి.

తవ్వాక రాళ్లు, వేర్లు ఏరి, రెండు అంగుళాల ఇసుక పరచి దాని మీద షీటు వేయండి. చుట్టూ గట్టు నేల మట్టానికి 15–20 సెం.మీ. పైకి ఉంటే వాన నీరు పక్కనుంచి దిగదు. రావి, మర్రి, సుబాబుల్ లాంటి చెట్లు దగ్గరలో ఉంటే వేర్లు షీటును చీల్చేస్తాయి.

కంకర విషయంలో పట్టు విడవకండి. లారీ దిగగానే గుప్పెడు తీసి బకెట్ నీళ్లలో వేసి కలపండి. నీళ్లు బూడిద రంగుకు తిరిగితే క్రషర్ డస్ట్ ఉన్నట్టు. మళ్లీ కడగకుండా మడిలో వేస్తే ఏడాది తిరక్కముందే పూడుకుపోతుంది, అప్పుడు 20 యూనిట్ల కంకరనూ బయటికి తీసి కడగాలి. ఇసుక కలిపితే ఇంకా శుద్ధి అవుతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

నీళ్లు వచ్చే వైపు మొదటి అర మీటరు, పోయే వైపు చివరి అర మీటరు పెద్ద రాళ్లు వేయండి. వచ్చే వైపు 8 మీటర్ల వెడల్పంతా రంధ్రాల పైపు అడ్డంగా ఉండాలి. పోయే వైపు అడుగున అలాంటి పైపే పెట్టి, దాని చివర బయటి చిన్న తొట్టిలో తిప్పగలిగే ఎల్బో బిగించండి. ఆ ఎల్బోను వంచితే మడిలో నీటి మట్టం దిగుతుంది, నిలబెడితే పెరుగుతుంది. మట్టం ఎప్పుడూ కంకర పైభాగానికి 10 సెం.మీ. కిందే ఉండాలి. పైన నీరు కనబడకపోతే దోమ గుడ్డు పెట్టదు, వాసనా రాదు.

రెండు కళ్లున్న మెట్టతామర దుంపలను అర మీటరుకు ఒకటి చొప్పున నాటండి. మొదటి మూడు వారాలు మంచినీళ్లతో, మట్టం కంకర పైభాగానికి దగ్గరగా ఉంచి, చిగుళ్లు వచ్చాక మెల్లగా దించండి. జూన్, జూలైలో నాటితే బాగా పడతాయి. ఏప్రిల్ ఎండలో నాటొద్దు.

7. క్లోరిన్ తొట్టి

వెయ్యి లీటర్ల తొట్టిలో అడ్డు పలకలు పెట్టి నీళ్లు మెలికలు తిరుగుతూ పోయేలా చేయండి. కనీసం 30 నిమిషాలు అందులో ఉండాలి.

మోతాదు లీటరుకు 8 మిల్లీగ్రాములతో మొదలుపెట్టండి. 10,000 లీటర్లకు 80 గ్రాముల క్లోరిన్. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో 33 శాతం దాకా ఉంటుంది గానీ మన వేడికి, తేమకు త్వరగా తగ్గిపోతుంది. 25 శాతమే ఉందనుకుని రోజుకు 320 గ్రాములు వాడండి. బకెట్‌లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట నీరు మాత్రమే 100 లీటర్ల డ్రమ్ములో పోసి, చిన్న కుళాయితో రోజంతా ధారగా పడేలా చేయండి. సున్నం కూడా పోస్తే సాయంత్రానికి కుళాయి మూసుకుపోతుంది. సంచి మూతి కట్టి నీడలో, పొడి చోట ఉంచండి.

తొట్టి చివర నీటిని క్లోరోస్కోప్‌తో చూడండి. ఇందులో అమ్మోనియా ఉంటుంది కాబట్టి పసుపు రంగు తాగునీటిలో వచ్చినంత వెంటనే రాదు. ఐదు నిమిషాలు ఆగి చదవండి. లీటరుకు 0.5 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే సరి. ఎక్కువ వేస్తే ఇంకా మంచిదనుకోవద్దు, నియమాల్లో ఉన్న చేపల పరీక్షలో చేపలు చచ్చిపోతాయి.

8. నడపడం మొదలుపెట్టేటప్పుడు

బాగా పనిచేస్తున్న సెప్టిక్ ట్యాంకు బురదను ట్యాంకర్‌తో తెప్పించి గదుల ట్యాంకులో ఒక్కో గదికి 200–300 లీటర్లు పోయించండి. దొరక్కపోతే వడగట్టిన పేడ నీళ్లు పోయొచ్చు, కాకపోతే ఇంకొన్ని వారాలు ఎక్కువ పడుతుంది. బ్యాక్టీరియా కుదురుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మొదటి నెల రిపోర్టు చూసి నిరాశపడి డిజైన్ మార్చేయకండి.

9. పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

వారానికోసారి మూడు సీసాలు నింపండి: వచ్చే మురుగు, గదుల ట్యాంకు తర్వాతిది, మడి తర్వాతిది. వెనక దినపత్రిక పెట్టండి. మూడో సీసా గుండా చిన్న అక్షరాలు చదవగలగాలి. రెండో సీసా లేత బూడిద రంగులో, తేలే ముక్కలు లేకుండా ఉండాలి. మూడూ ఒకేలా ఉంటే శుద్ధి జరగట్లేదు. పీహెచ్ పేపర్ 6.5 నుంచి 9 మధ్య చూపాలి.

నెలకోసారి గుర్తింపు పొందిన ల్యాబ్‌కు పంపండి. బీఓడీ (నీటిలోని మలినాన్ని తినడానికి బ్యాక్టీరియాకు కావలసిన ఆక్సిజన్) శాంపిల్ క్లోరిన్ తొట్టికి ముందే తీసి ఐస్ బాక్సులో అదే రోజు చేర్చాలి. 2016 జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం లీటరుకు బీఓడీ 30, సీఓడీ (రసాయనాలతో కొలిచే ఆక్సిజన్ అవసరం) 250, తేలియాడే ఘనపదార్థాలు 100, నూనె–గ్రీజు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. శుద్ధి అయి బయటికొచ్చే నీటిలో, పలచన చేయకుండా, 96 గంటల తర్వాత 90 శాతం చేపలు బతికుండాలి. తోటకు వాడేటట్టయితే ఫీకల్ కోలిఫారం (మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా) కూడా చూపించండి, 100 మి.లీ.కి వెయ్యి లోపు ఉండాలి. అలా ఉన్నా కొబ్బరి, పూలమొక్కలు, పచ్చికకే వాడండి. ఆకుకూరలకు వద్దు.

10. ఏడాది పొడవునా చేయాల్సినవి

మూడు నాలుగు నెలలకోసారి మెట్టతామర ముదురు కాడలు కోసి కంపోస్టుకు వేయండి, పశువులకు వేయొద్దు. ఆర్నెల్లకోసారి బురద కొలవండి: పొడవాటి కర్రకు తెల్ల టవల్ చుట్టి అడుగుదాకా దించి, కొన్ని నిమిషాలుంచి తీస్తే నల్లమరక ఎంత ఎత్తుంటే బురద అంత. సెప్టిక్ ట్యాంకులో లోతులో మూడో వంతుకు చేరితే ట్యాంకర్‌ను పిలిచి, బురదను దగ్గర్లోని మలవ్యర్థాల శుద్ధి కేంద్రానికి పంపండి. గదుల ట్యాంకును మాత్రం ఎప్పుడూ పూర్తిగా తోడేయకండి, అడుగున కొంత బురద మిగలాలి.

ఏ కారణం చేతనైనా సరే మనిషిని ట్యాంకులోకి దింపవద్దు. లోపలి వాయువులకు రెండు ఊపిరులు చాలు, పడిపోయినవాణ్ని తీయబోయి దిగిన రెండోవాడూ పోతాడు. మలవ్యర్థాలను మనుషులతో ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా అలా దింపడం నేరం కూడా. మూతలకు తాళాలు వేయించండి.

రిపోర్టు బాగా రాకపోతే

ముందు సీసాలు చూడండి. రెండో సీసాలో నల్లటి తుంపులు ఉంటే బురద కొట్టుకొస్తోంది: సెప్టిక్ ట్యాంకు నిండిందా, వాన నీరు కలుస్తోందా చూడాలి. రెండో సీసా మొదటిదానిలాగే ఉండి, ట్యాంకు మూత తీస్తే బుడగలు లేకపోతే బ్యాక్టీరియా చచ్చింది. ఆ వారం స్టోర్ రిజిస్టర్ తెప్పించి యాసిడ్, బ్లీచింగ్ ఎన్ని లీటర్లు వెళ్లాయో చూడండి, జవాబు చాలాసార్లు అందులోనే దొరుకుతుంది. రెండోది బాగుండి మూడోది పాడైతే మడిలో నీళ్లు ఒక పక్కగానే పోతున్నాయి. రంధ్రాల పైపు సమమట్టంగా ఉందో లేదో చూసి, మూసుకున్న రంధ్రాలు పొడిపించండి. మడి నుంచి కుళ్లిన గుడ్ల వాసనతో నీళ్లు వస్తుంటే క్లోరిన్ తొట్టికి ముందు నాలుగైదు మెట్ల మీదుగా దూకించండి. గాలి కలిసి వాసన తగ్గుతుంది, క్లోరిన్ ఖర్చూ తగ్గుతుంది. అన్నీ బాగుండి కోలిఫారం ఒక్కటే ఎక్కువొస్తే బ్లీచింగ్ సంచి తయారీ తేదీ చూడండి.